గిబ్లీ చూడాలంటే పదో తారీఖున పెందలాడే లేవాలి

ఈ నెల ప్రశ్నల పేజీ మొత్తం జపాన్ యానిమేషన్ సినిమాల స్టూడియో గిబ్లీకే పోయింది. బరంపురం మొదలు జయపురం దాకా వచ్చిన ఉత్తరాల్లో చాలా మటుకు ఒకదాన్నొకటి పోలినవే కనుక, కలిపి ఏడింటికి కుదించాం. ధరలు యెన్‌లలో ఇస్తున్నాం. వంద యెన్లంటే అరవై రూపాయల లోపని లెక్క వేసుకోండి.

ప్రశ్న: చిన్నప్పటి నుంచి గిబ్లీ సినిమాలంటే ప్రాణం. వాటి దర్శకుడు మియజాకి గారు కూర్చుని బొమ్మలు గీసే స్టూడియోని ఒక్కసారైనా లోపలికెళ్లి చూడాలని కోరిక. ఎవరి అనుమతి తీసుకోవాలి?
– డిగ్రీ విద్యార్థిని, బరంపురం

ఎవరినడిగినా దొరకదమ్మా. టోక్యోకి పడమటి వైపు కోగానేయి అనే ఊళ్లో 1992 నుంచి ఉన్న ఆ స్టూడియో అచ్చంగా పనిచేసే చోటు. సందర్శకులను రానివ్వరు, టూర్లూ లేవు. గేటు దాకా వెళ్లి ఫోటో దిగి వచ్చేవాళ్లు లేకపోలేదు. దానివల్ల లోపలివాళ్లకు ఇబ్బంది, మీకు దక్కేది గోడ. "స్టూడియో చూపిస్తాం" అని ఎవరైనా ప్యాకేజీ అమ్మజూపితే అక్కడే ఆగిపోండి.

అభిమానుల కోసం కట్టింది వేరే ఉంది. అదే టోక్యోకి పడమటి వైపునే ఉన్న మితాకాలోని గిబ్లీ మ్యూజియం. ఇనోకషిరా పార్కు పడమటి అంచున 2001 అక్టోబరు 1న తెరిచారు. దాని రూపురేఖలు మియజాకివే. మీ కోరికకు అతి దగ్గరగా వచ్చేది అందులో 'సినిమా పుట్టే చోటు' అనే గదుల వరస. బొమ్మలు అంటించిన గోడలు, పుస్తకాల గుట్టలు, రంగుల సీసాలు, కథను ఫ్రేములుగా గీసుకున్న స్టోరీబోర్డులు, ఇలా గీసేవాడు ఇప్పుడే టీకి లేచి వెళ్లాడన్నట్టు సర్ది ఉంచారు. ఒకే దారిన నడిపించే బాణం గుర్తులుండవు. దారి తప్పి తిరగమన్నదే అక్కడి పద్ధతి.

ఇక అసలు చిక్కు టికెట్టు. మ్యూజియం దగ్గర టికెట్లు అమ్మరు. ముందుగా తేదీ, గంట ఎంచుకుని ఆన్‌లైన్‌లో కొనాల్సిందే. ప్రతి నెలా 10వ తారీఖున, జపాన్ టైము ఉదయం 10 గంటలకి, వచ్చే నెల టికెట్లు మొత్తం ఒకేసారి విడుదల చేస్తారు. మనకది ఉదయం 6:30. మన తత్కాల్ బుకింగు లాగే ఉంటుంది వ్యవహారం. ఆరుంపావుకే పేజీ తెరిచి పెట్టుకోవాలి. క్యూలో నిలబెట్టాక పేజీని రిఫ్రెష్ చేస్తే మళ్లీ చివరికి పోతారు, వదిలేసి కూర్చోండి. మ్యూజియం వెబ్‌సైట్ నుంచే విదేశీయుల కోసం ఉన్న లాసన్ టికెట్ వారి ఇంగ్లీషు పేజీకి వెళ్లండి. జపనీస్ పేజీలోకి వెళ్తే అక్కడి ఫోన్ నంబరు అడిగి ఆపేస్తుంది.

మనవాళ్లకు ఎక్కువగా దెబ్బ తగిలేది డబ్బు కట్టే మెట్టు దగ్గర. కార్డు మీద వీసా లేదా మాస్టర్‌కార్డ్ గుర్తు ఉన్నంత మాత్రాన సరిపోదు. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు, అందులోనూ ఆన్‌లైన్ వాడకం, రెండూ ఆన్ చేసి ఉండాలి. దేశీయ రూపే కార్డు పనికిరాదు. ఓటీపీ వచ్చే ఫోను చేతిలో, సిగ్నలు ఉన్న చోట ఉండాలి. ఇవన్నీ 9వ తారీఖు రాత్రికే సరిచూసుకోండి. పెద్దవాళ్లకు టికెట్టు 1,000 యెన్లు. కొన్నాక తేదీ మార్చరు, డబ్బు వెనక్కి ఇవ్వరు. కొన్నవారి పేరును ద్వారం దగ్గర పాస్‌పోర్టుతో పోల్చి చూడొచ్చు. అందుకే మరొకరి పేరున ఉన్న టికెట్టును ఎక్కువ ధర పెట్టి కొనడం దండగ.

ఏ తేదీ ఎంచుకోవాలన్నదానికి మా సలహా ఒకటుంది. నెల మొదటి వారానికి కొంటే, చేతికి టికెట్టు వచ్చినప్పటి నుంచి ప్రయాణానికి మూడు వారాలే మిగులుతాయి. అదే నెల 20, 25 తేదీలకైతే ఆరేడు వారాలు దొరుకుతాయి. విమానం టికెట్లు, సెలవు, వీసా అన్నీ అప్పుడు ఊపిరి పీల్చుకుంటాయి. మంగళవారం మ్యూజియం సెలవు. మేలోనూ నవంబరులోనూ మరమ్మతులకు వరసగా కొన్నాళ్లు మూస్తుంటారు కనుక, తేదీ అనుకునే ముందే వాళ్ల క్యాలెండరు చూడండి. ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా జపాన్ అంతా సెలవుల్లో ఉంటుంది. ఆ వారం జోలికి పోకండి.

ప్రశ్న: మేం పాత గంజాం జిల్లాలో మూడు తరాలుగా ఉంటున్న తెలుగువాళ్లం. హైదరాబాద్‌లో మా తమ్ముడున్నాడు. జపాన్ వీసాకి అక్కడ ఇస్తే సరిపోతుందా? నా కాగితాల్లో ఇంటిపేరు ఒక్కోచోట ఒక్కోలా ఉంది, దాంతో ఇబ్బంది వస్తుందా?
– ఒక వ్యాపారి, పర్లాకిమిడి

మీరు గజపతి జిల్లాలో ఉంటున్నంత కాలం మీ దరఖాస్తు చూసేది కోల్‌కతాలోని జపాన్ కాన్సులేట్. ఒడిశా వాళ్ల పరిధిలోకి వస్తుంది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారన్నది కాదు, ఎక్కడ కాపురముంటున్నారన్నదే వాళ్లకు కావాలి. తమ్ముడి చిరునామా మీద హైదరాబాద్‌లో ఇవ్వాలంటే మీరు అక్కడ ఉంటున్నట్టు రుజువు చూపాలి. లేనిది చూపబోతే ఉన్నదీ పోతుంది. బరంపురంలో రాత్రి బండెక్కితే తెల్లారేసరికి హౌరాలో దిగొచ్చు, అదే సులువు. దరఖాస్తులు తీసుకునేది కాన్సులేట్ కాదు, వీఎఫ్ఎస్ కేంద్రం. ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్లండి.

2024 ఏప్రిల్ నుంచి మనవాళ్లకు విహారయాత్ర వీసా ఎలక్ట్రానిక్ రూపంలో ఇస్తున్నారు. పాస్‌పోర్టులో స్టిక్కరు ఉండదు. టోక్యోలో దిగాక ఇమిగ్రేషన్ బల్ల దగ్గర ఫోనులో ఆ వీసా పేజీని ఇంటర్నెట్‌తో అప్పటికప్పుడు తెరిచి చూపించాలి. స్క్రీన్‌షాట్, ప్రింటు రెండూ చెల్లవు. ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకుని ధీమాగా వెళ్లేవాళ్లు తడబడేది ఇక్కడే. విమానాశ్రయంలో ఉచిత వైఫై ఉంటుంది, దిగగానే కలుపుకోండి. ఫోనులో చార్జింగు మిగుల్చుకోండి.

ఇక పేరు సంగతి. ఇది మన జిల్లాల్లో ఇంటింటి బాధ. ఒడియా బడి సర్టిఫికెట్టులో వెంకటరావు 'బెంకట్ రావ్' అవుతాడు, ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోతుంది, బ్యాంకులో మూడో స్పెల్లింగు ఉంటుంది. వీసాకు పాస్‌పోర్టే ప్రమాణం. దాంతో పాటు పెట్టే బ్యాంకు స్టేట్‌మెంటు, ఆదాయపు పన్ను రిటర్నులు ఆ పేరుతో కలవాలి. అన్నిటికంటే త్వరగా మారేది బ్యాంకు ఖాతా. పాస్‌పోర్టు, పాన్ కార్డు పట్టుకెళ్లి మార్పించుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు రెండో గడిలోనే ఉందనుకోండి. వీసా వరకు ఫరవాలేదు గానీ విమానం టికెట్టు దగ్గరా, మ్యూజియం ఫారం దగ్గరా రెండు గడులూ నింపమంటుంది. ప్రయాణానికి ఇంకా నాలుగైదు నెలలుంటే పాస్‌పోర్టు మళ్లీ తీయించుకోవడం మేలు. మామూలు పద్ధతిలో 36 పేజీల దానికి 1,500 రూపాయలు.

స్టేట్‌మెంటు ఆరు నెలలది పెట్టండి. దరఖాస్తుకు వారం ముందు ఎవరో రెండు లక్షలు వేసినట్టు కనిపిస్తే దానికి సంజాయిషీ రాయాల్సి వస్తుంది. రోజువారీ కార్యక్రమం అని ఒక కాగితం అడుగుతారు. 'టోక్యో చూడటం' అని ఐదు రోజులు వరసగా రాస్తే తేలిపోతుంది. ఏ రోజు మితాకా, ఏ రాత్రి ఏ హోటల్ అని రాయండి. కాగితాలన్నీ సరిగ్గా ఉంటే తీర్పు రావడానికి కనీసం ఐదు పనిదినాలు, కాకపోతే ఇంకా ఎక్కువ. వీసా ఇచ్చిన నాటి నుంచి మూడు నెలలే చెల్లుతుంది కనుక మరీ ముందుగా కూడా వెళ్లకండి.

ప్రశ్న: మేమిద్దరం, పిల్లలు తొమ్మిదేళ్లు ఒకరు, ఐదేళ్లు ఒకరు. శాకాహారులం. పిల్లలకు అక్కడ ఏముంటుంది? తిండి ఎలా?
– గృహిణి, రాయగడ

టికెట్లు మీ నలుగురికీ కలిపి 2,500 యెన్లు. పెద్దవాళ్లకు వెయ్యి చొప్పున, తొమ్మిదేళ్ల వాడికి 400, చిన్నదానికి 100. నాలుగేళ్లు నిండని పిల్లలకు ఉచితం. నలుగురికీ ఒకే బుకింగులో తీసుకోండి.

గిబ్లీ సినిమా 'టొటోరో'లో వచ్చే పిల్లి ఆకారపు బస్సు, అదే పిల్లిబస్సు ఉన్న గది పిల్లలదే. ప్రాథమిక పాఠశాల వయసు వరకే ఎక్కనిస్తారు, మీరు పక్కన నిలబడి చూడొచ్చు. అక్కడ వరస ఎక్కువ. వెళ్లగానే ముందు అది ముగించుకుంటే తరువాత గోల ఉండదు. కింది అంతస్తులో బొమ్మల చక్రాలు తిరుగుతూ టపటపా వెలిగి ఆరే దీపాల గది ఉంది. మూర్ఛ ఉన్న పిల్లలను అందులోకి తీసుకెళ్లొద్దు. సాటర్న్ అనే చిన్న హాల్లో పావుగంట సినిమా ఒకటి చూపిస్తారు. ఆ మ్యూజియంలోనూ, నగోయా దగ్గరి గిబ్లీ పార్కులోనూ తప్ప మామూలు సినిమా హాళ్లలో ఆడని సినిమాలవి. ఒక టికెట్టుకి ఒక ఆటే. మాటలు జపనీసే అయినా పిల్లలకు అర్థం కాకపోవడమంటూ ఉండదు.

తిండికి వస్తే, జపాన్‌లో చూడటానికి కూరగాయల పులుసులా ఉన్నదాంట్లోనూ చేపతో కాచిన రసం కలుస్తుంది. నూడుల్స్ రసంలో, కొన్ని సోయా సాసుల్లో, ఆఖరికి కొన్ని అన్నం ముద్దల్లో కూడా. మాంసం లేదు కదా అని అడిగితే "లేదు" అనే చెబుతారు, ఎందుకంటే చేపను వాళ్లు ఆ లెక్కలోకి తీసుకోరు. చేప, చేపరసం కూడా వద్దని జపనీస్‌లో రాసిన చీటీ దగ్గర పెట్టుకోండి. మ్యూజియం లోపలి కెఫేకి క్యూ పెద్దది, మీరు తినేవి తక్కువ. ముందే తినేసి లోపలికి వెళ్లండి, బయట ఇనోకషిరా పార్కులో కావలసినన్ని బెంచీలున్నాయి. ఇంటి నుంచి అటుకులు, పొడులు, పచ్చళ్లు పెట్టెలో వేసుకోవచ్చు. పచ్చి కరివేపాకు, మామిడిపండ్లు మాత్రం వద్దు, తాజా మొక్కలూ పండ్లూ విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు.

మందుల గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. పిల్లల జలుబు మందుల్లో సూడోఎఫెడ్రిన్ 10 శాతం మించి ఉంటే జపాన్‌లోకి తీసుకెళ్లడం నేరం. కోడీన్ ఉన్న దగ్గు మందుకూ కట్టడి ఉంది. అట్టపెట్టె మీద చదివి, అనుమానమొస్తే ఇంట్లోనే వదిలేయండి.

ప్రశ్న: మ్యూజియమా, నగోయా దగ్గరి గిబ్లీ పార్కా? చేతిలో ఆరు రోజులే ఉన్నాయి.
– బ్యాంకు ఉద్యోగి, గుణుపూర్

ఆరు రోజులకు మ్యూజియం చాలు. పార్కు 2005 ప్రపంచ ప్రదర్శన జరిగిన స్థలంలో, 2022 నవంబరు 1న మొదలై, 2024 మార్చిలో 'మంత్రగత్తెల లోయ' తెరవడంతో ఐదు భాగాలూ పూర్తయ్యాయి. చెట్ల మధ్య దూరదూరంగా ఉంటాయి, నడక ఎక్కువ. రంగులరాట్నం లాంటివి ఒకటి రెండు తప్ప తిరిగే సవారీలు ఉండవు. పిల్లలకు డిస్నీలాండ్ అని చెప్పి తీసుకెళ్తే ఏడుపే. చూడాల్సింది ఇళ్లు, వాటిలోని వస్తువులు. సొరుగులు తెరిచి చూడొచ్చు, అలమారలో మడిచిన బట్టలు కూడా ఉంటాయి. ఓపికగా చూసే పెద్దవాళ్లకు అది పండగ.

ఖర్చు సంగతి చూడండి. టోక్యో నుంచి నగోయాకి నోజోమి బుల్లెట్ రైల్లో గంటా నలభై నిమిషాలు, ఒక్కవైపే పదకొండు వేల యెన్ల పైచిలుకు. ఏజెంట్లు అంటగట్టే ఏడు రోజుల రైల్ పాస్ 2023 అక్టోబరు నుంచి 50,000 యెన్లు అయింది. రానూపోనూ నగోయా ఒక్కటే అయితే అది శుద్ధ నష్టం. నగోయాలో హిగషియామా సబ్‌వే లైనులో చివరిదైన ఫుజిగావొకా దాకా వెళ్లి, అక్కడ లినిమో ఎక్కాలి. పట్టాలను తాకకుండా అయస్కాంతం మీద తేలే బండి అది. పార్కు టికెట్లు వేరే, మ్యూజియంవి వేరే. ఒకదానితో రెండోదానికి పోనివ్వరు.

ప్రశ్న: మితాకా స్టేషన్ నుంచి ఎలా వెళ్లాలి? పెట్టెలతో నేరుగా వెళ్లొచ్చా?
– ఛత్రపురం పాఠకుడు

షింజుకులో జేఆర్ చువో లైను, తకావో వైపు వెళ్లే ర్యాపిడ్ ఎక్కితే ఇరవై నిమిషాలు. దక్షిణం వైపు దిగి కాలువ గట్టున పావుగంట నడక. మ్యూజియం బస్సు కూడా ఉంది. ఒక స్టేషన్ ముందు కిచిజోజిలో దిగి పార్కులోంచి నడిస్తే ఇంకొంచెం ఎక్కువ పడుతుంది, దారి బాగుంటుంది. పెద్ద పెట్టెలు వద్దు, స్టేషన్ లాకర్లో పడేయండి. మొదట కనిపించే కిటికీలో పెద్ద టొటోరో బొమ్మ కూర్చుని ఉంటుంది. అది ఉత్తుత్తి కౌంటర్, అసలు ద్వారం ముందుకెళ్లాలి. టికెట్టు మీది గంట మొదలైనప్పటి నుంచి గంటలోపు లోపలికి చేరితే చాలు, ఆ తరువాత మూసేదాకా ఎంతసేపున్నా అడగరు. లోపల ఫోటోలు తీయకూడదు. మేడ మీద లపుటా సినిమాలోని ఐదు మీటర్ల రోబో సైనికుడి దగ్గర తీసుకోవచ్చు.

ప్రశ్న: రెండు నెలలు ప్రయత్నించినా టికెట్టు దొరకలేదు. విమానం టికెట్లు కొనేశాం. వెళ్లడం దండగేనా?
– దంపతులు, జయపురం

దండగ కాదు, కాకపోతే మ్యూజియం టికెట్టు ముందు, విమానం తరువాత అన్న వరస తిరగబడింది. ఎక్కువ ధరకు అమ్మేవాళ్ల దగ్గరకు మాత్రం పోకండి.

అదే చువో లైనులో ముసాషి-కోగానేయి దిగి బస్సులో కోగానేయి పార్కుకి వెళ్లండి. అక్కడ పాత ఇళ్లూ దుకాణాలూ ఊడదీసి తెచ్చి మళ్లీ నిలబెట్టిన ఎడో-టోక్యో ఆరుబయటి వాస్తు మ్యూజియం ఉంది. ముందుగా టికెట్టు అక్కర్లేదు, 400 యెన్లు. మియజాకి తరచూ వెళ్లిన చోటు. ఆయన సినిమా 'స్పిరిటెడ్ అవే' చూసినవాళ్లకు అక్కడి స్టేషనరీ కొట్టులో గోడ నిండా ఉన్న చిన్న చిన్న సొరుగులు చూడగానే బాయిలరు గదిలో ఆరు చేతుల ముసలాయన గుర్తొస్తాడు. కొడకారయు అనే పాత స్నానశాల కూడా అక్కడే. ఆ మ్యూజియం గుర్తు బొమ్మ, ఎడోమారు అనే పురుగు, మియజాకి గీసిందే. సోమవారం సెలవు. మా మాటగా చెప్పాలంటే, గిబ్లీ బొమ్మల వెనకున్న చెక్క, పెంకు, వెలుతురు ఇక్కడ చూసినంత బాగా మితాకాలో కనిపించవు.

షియొదొమేలో నిప్పన్ టీవీ భవనం గోడకు మియజాకి రూపకల్పన చేసిన పెద్ద రాగి గడియారం ఉంది, 2006 నాటిది. రోజులో కొన్ని గంటలకు దాని బొమ్మలు కదులుతాయి, గంట కొట్టడానికి కొన్ని నిమిషాల ముందే ఆట మొదలవుతుంది. అందుకే ముందే చేరుకోవాలి. సుగినామిలో యానిమేషన్ మ్యూజియం ఉంది, ప్రవేశం ఉచితం. అక్కడ బొమ్మకు గొంతు ఇచ్చి చూసుకోవచ్చు.

ప్రశ్న: మా పిల్లలు జపాన్ వెళ్లలేరు. మ్యూజియంలో బొమ్మలు గెంతే చక్రం గురించి చెబితే బడిలోనే చేద్దామంటున్నారు. వీలవుతుందా?
– ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు, బరంపురం

నిక్షేపంలా వీలవుతుంది మాస్టారూ. అక్కడున్నది గుండ్రటి చక్రం మీద కొంచెం కొంచెం తేడాతో చేసిన బొమ్మలు, వాటి మీద లయగా వెలిగి ఆరే దీపం. దీపానికి బదులు సన్నని చీలికలు పెడితే పాతకాలపు జోట్రోప్ అవుతుంది. దానికి కరెంటు కూడా అక్కర్లేదు.

నల్ల చార్టు 63 సెంటీమీటర్ల పొడవు, 16 ఎత్తు కోయండి. 3 సెంటీమీటర్లు ఒకదాని మీద ఒకటి వచ్చేలా అంటిస్తే 60 చుట్టుకొలత డ్రమ్ము వస్తుంది, అడ్డంగా 19. అంటించక ముందే పై సగంలో 5 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున 12 చీలికలు, ఒక్కోటి 3 మిల్లీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల పొడవు. అడుగుకు గట్టి అట్ట వృత్తం, దాని నట్టనడుమ స్పిన్నర్ బొమ్మలోంచి తీసిన బేరింగు. నడుమ ఒక్క పిసరు పక్కకు జరిగినా డ్రమ్ము ఊగి బొమ్మ వణుకుతుంది. కింది సగంలో లోపలి వైపు 7 సెంటీమీటర్ల ఎత్తు తెల్ల కాగితపు పట్టీ, దాని మీద 12 బొమ్మలు. పై నుంచి దీపం లోపలికి పడాలి. చీలికలోంచి ఎదుటి గోడ మీది బొమ్మలను చూస్తూ సెకనుకు ఒక చుట్టు చొప్పున తిప్పితే సెకనుకు 12 బొమ్మలు. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు, యానిమేషన్‌లో ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు ఉంచడం కద్దు, కనుక లెక్క దాదాపు సినిమా వాళ్లదే.

చెడిపోయే చోట్లు కొన్నున్నాయి. చీలిక 5 మిల్లీమీటర్లు దాటితే బొమ్మ అలుక్కుపోతుంది, రెండు కన్నా తగ్గితే చీకటి. డ్రమ్ము బయటి వైపు తెల్లగా ఉంటే కళ్లకు ఆ వెలుగే తగిలి లోపలిది కనిపించదు. చీలిక ఒక వైపు, బొమ్మ ఎదురు వైపు పరుగెత్తడం వల్ల గీసిన దానిలో దాదాపు సగం వెడల్పే కనిపిస్తుంది. గుండ్రటి బంతి గీస్తే నిలువు కోడిగుడ్డు అవుతుంది. కనుక బంతిని అడ్డంగా సాగదీసి గీయించండి. గెంతే బంతిలో పైన ఉన్న బొమ్మలు దగ్గర దగ్గరగా, నేల దగ్గరివి దూరం దూరంగా ఉండాలి. అన్నీ సమానంగా పెడితే బంతికి బరువుండదు. పన్నెండోది మొదటిదాని నకలు కాకూడదు, మొదటిదానికి ఒక అడుగు వెనక ఉండాలి. లేకపోతే ప్రతి చుట్టుకూ ఒక చోట తడబడుతుంది. పిల్లలకు ఇంకో తమాషా చూపించాలంటే చీలికలు 12 ఉంచి బొమ్మలు 11 గీయించండి. గెంతే బంతి గెంతుతూనే డ్రమ్ము చుట్టూ పాకుతుంది.